నా ఆదివారాన్ని మింగిన ఫ్యూజు

మొన్న ఆదివారం జనగామలో నేను చేసిన ఘనకార్యం వినండి. చాయ్ కప్పు కింద పెట్టి వినండి, లేకపోతే నవ్వి మీద పోసుకుంటరు. పన్నెండేండ్ల నుంచి భూపాలపల్లిలో బొగ్గుబాయి ఎలక్ట్రీషియన్‌ని నేను. మోటర్ ఆగిపోతే వాసన చూసి ఫాల్ట్ చెప్పేటోన్ని. అట్లాంటి నన్ను గోరంత ఫ్యూజు ఒకటి పొద్దంతా ఏడిపించింది. అది ఎటో పోలేదు. నా అంగీ జేబులోనే ఉంది!

ముందుగాల మా సంసారం సంగతి చెప్పాలె. నా భార్య స్వరూప లింగాల ఘనపూర్ దిక్కు ఒక బడిలో టీచర్. జనగామలో వాళ్ళ అక్క ఇంట్ల ఉండి పోయి వస్తది. నేను భూపాలపల్లిలో ఇద్దరు దోస్తులతోటి ఒక్క రూములో ఉంట. ఫ్యామిలీ క్వార్టర్ ఇంకా రాలేదు. ఆమెకు సెలవు ఆదివారం, నాకు బుధవారం. ఐదు వారాలు బతిమాలితే ఒకాయన డ్యూటీ మార్చుకున్నడు. అట్ల ఒక్క ఆదివారం దొరికింది.

దొరికింది గానీ, ఎక్కడ కూసొని మాట్లాడుకోవాలె? జనగామ ఇంట్ల రెండే గదులు. స్వరూప అక్క, అంటే మా వదిన, ఆమె ఇద్దరు పిల్లలు, గోడకు అవతల ఇంటి ఓనర్ అవ్వ. మేం గుసగుసలాడితే గోడ అవతల నుంచి "ఏమంటున్నరు బిడ్డా? జర గట్టిగ చెప్పుండ్రి" అని అవ్వ కేకేస్తది. మా ఇద్దరికీ ఉన్న సొంత గది అంటే మా పాత కారు ఒక్కటే. అద్దాలు ఎక్కిస్తే లోపల ఇద్దరమే.

స్వరూప ఫోన్ల అదే అడిగింది. "ఎటన్న తీస్కపో. సినిమా వద్దు, హోటల్ వద్దు. ఏసీ పెట్టి అద్దాలెక్కియ్యి. ఎవ్వలు వినకుంట జర సేపు మాట్లాడుకుందాం." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. ఏమేం చెప్పాలెనో మనసులో వరుస పెట్టుకున్న.

శనివారం మధ్యాహ్నం ఏసీ వేసి చూస్తే వేడి గాలి! ఏప్రిల్ ఎండలో అద్దాలెక్కిస్తే ఇద్దరం ఉడికిపోతం. వెంటనే బానెట్ లేపిన. మొదలు ఏసీ ఫ్యూజు పీకి మీటర్ పెట్టి చూసిన. మంచిగనే ఉంది. తర్వాత వైర్లు వెతికితే దొంగ దొరికింది. కంప్రెసర్‌కు పోయే వైరును ఎలుక కొరికింది. అతుకు వేసి టేప్ చుట్టిన. మళ్ళీ ఏసీ వేసి చూద్దామనేసరికి షిఫ్టు టైమ్ అయ్యింది. అంగీ విప్పి రూములో గోడకున్న మొలకు తగిలేసి, యూనిఫామ్ వేసుకొని ఉరికిన. ఉరుక్కుంటనే ఆమెకు ఫోన్ చేసిన. "పని అయిపోయింది. రేపు శాలువా తెచ్చుకో, చలి పెడ్తది" అన్న. ఎంత పొగరో చూడండి!

ఇప్పుడు అసలు సంగతి. బాయిలో మాకు ఒక అలవాటు ఉంటది. కరెంటు పని చేసే ముందు ఫ్యూజు పీకి ఎవరి జేబులో వాళ్ళు పెట్టుకుంటం. లేకుంటే ఇంకెవడో వచ్చి ఫ్యూజు పెట్టి కరెంటు ఇచ్చిండనుకో, ప్రాణమే పోతది. చెయ్యి దానంతట అదే జేబులోకి పోతది. శనివారం కూడా అట్లనే పోయింది. ఆ అంగీ భూపాలపల్లిలో మొలకే ఉంది. నేనేమో ఆదివారం కొత్త చొక్కా వేసుకొని, సెంటు కొట్టుకొని జనగామ బయలెల్లిన.

దారిలో ఏసీ నొక్కితే మళ్ళీ అదే వేడి గాలి. తొమ్మిదింటికి ఇంటి ముందు కారు ఆపేసరికి చొక్కా పిండితే నీళ్ళు కారేటట్టు ఉంది. స్వరూప మంచి చీర కట్టుకొని గేటు కాడ నిలబడ్డది. చేతిలో శాలువా! వేళాకోళానికే తెచ్చిందిలే. చూడంగనే దగ్గరికి పోవాలెనని ఎంత అనిపించిందో! అయినా నేనన్నది ఏందయ్యా అంటే, "పది నిమిషాలు ఆగు, ఇంకో ఫాల్ట్ ఉన్నట్టుంది."

ఆమెను డ్రైవర్ సీట్లో కూసోబెట్టిన. నేను బానెట్ కింద తల పెట్టిన. "ఆన్ చెయ్యి!" "ఆఫ్ చెయ్యి!" కంప్రెసర్ టక్కుమని పట్టుకుంటలేదు. వైరులో కరెంటే లేదు. ఫ్యూజు మంచిదని నిన్ననే చూసిన కదా, దాని దిక్కు మళ్ళీ ఎందుకు చూస్త? రిలే చూసిన, మంచిదే. ప్రెషర్ స్విచ్ చూసిన, మంచిదే. "ఆన్ చెయ్యి!" "ఆఫ్ చెయ్యి!" పన్నెండింటికల్లా డాష్‌బోర్డు సగం విప్పి, స్క్రూలన్నీ వదిన ఇచ్చిన స్టీలు గిన్నెలో పోసిన.

వదిన వచ్చి "ఏం మరిదీ, గ్యాస్ అయిపోయినట్టుంది" అన్నది. అవ్వ ఇసనకర్ర తెచ్చి స్వరూప చేతికిచ్చింది. "వాడు చేసేదాంక ఇది ఇసురుకో బిడ్డా. ఇది మాత్రం చెడిపోదు" అన్నది. పిల్లలు కిలకిల నవ్విన్రు. నేను పట్టించుకోలేదు, పంతం పట్టిన.

మధ్యాహ్నం స్వరూప కోడికూర, అన్నం కలుపుకొని పళ్ళెంతోటి వచ్చింది. నా చేతులు మసి. తనే ముద్ద చేసి నోట్లో పెట్టింది. ఐదు వారాల తర్వాత నా భార్య నాకు ముద్ద పెడ్తుంది. ఇంకొకడైతే కండ్లల్లో నీళ్ళు పెట్టుకునేటోడు. నేను ముద్ద నములుకుంట "ఆ మూలకు ఉన్న వైరు ఎర్రదా, పచ్చదా, జర చూసి చెప్పు" అన్న. ఆమె చూసి చెప్పింది. పచ్చదట.

నాలుగున్నరకు ఆమె కారు దిగి నా పక్కకు వచ్చి నిలబడ్డది. కోపం లేదు, అదే భయం నాకు.

"పొద్దుగాల్నుంచి నువ్వు నాతోటి ఏం మాట్లాడినవో యాదుందా? ఆన్ చెయ్యి, ఆఫ్ చెయ్యి. గంతే."

ఆమె ఫ్యూజుల డబ్బా మూత దిక్కు చెయ్యి చూపించింది. "గిది తెరిచి చూసినవా?"

"ఫస్టు చూసింది అదే" అన్న దర్జాగా.

ఆమె మూత తీసింది, వంగి చూసింది. "మా రెండో తరగతి పిల్లల లెక్క, గిక్కడ ఒక పన్ను ఊడినట్టుందేంది?"

చూస్తే ఖాళీ! ఏసీ అని రాసి ఉన్న జాగా ఖాళీ. నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. మొలకున్న అంగీ కండ్ల ముందు ఊగింది. పాటల డబ్బాకు ఉన్న ఫ్యూజు కూడా అంతే ఆంపియర్లది, దాన్ని పీకి ఇక్కడ పెట్టిన. టక్! కంప్రెసర్ పట్టుకుంది. చల్లటి గాలి! రెండు నిమిషాల పని.

గబగబ డాష్‌బోర్డు బిగించి, ఇద్దరం ఎక్కి అద్దాలెక్కించినం. ఆమె నా దిక్కు తిరిగి కూసున్నది. నేను నోరు తెరిచిన. వెనక తలుపు కూడా తెరుచుకుంది.

"బాబాయ్, చల్లగ వస్తుందా?" పిల్లలిద్దరూ ఎక్కిన్రు. "జర స్టేషన్ దాకా తిప్పు మరిదీ" అనుకుంట వదిన ఎక్కింది. "నన్ను వదిలి పోతరా బిడ్డా?" అని అవ్వ కూడా ఎక్కింది, ఇసనకర్రతో సహా. పొద్దంతా ఎండలో నాకోసం నిలబడ్డోళ్ళు, దిగమని ఎట్ల అంట? "పాటలు పెట్టు బాబాయ్" అని పిల్లల గోల. పాటల ఫ్యూజు ఏసీకి పోయింది కదా! అందుకని అవ్వ తన మోకాళ్ళ నొప్పి కథ మొదలుపెట్టింది. ఊరంతా తిరిగినం, కథ అయిపోలేదు.

ఆరయ్యింది. తెల్లారితే ఫస్ట్ షిఫ్టు, నేను పోవాలె. అందరూ దిగిన్రు. స్వరూప మాత్రం ఒక్క నిమిషం ముందు సీట్లోనే ఉండి, తలుపు వేసుకుంది. అద్దాలెక్కి ఉన్నయి. లోపల చల్లగా ఉంది. ఇద్దరమే ఉన్నం.

"ఇగ చెప్పు" అన్నది మెల్లగా.

ఐదు వారాలు దాచుకున్న మాటలు! గొంతు దాకా వచ్చినయి. మరి నోట్లోంచి ఏం వచ్చిందో తెలుసా? "బాయిల ఫ్యూజు జేబుల ఎందుకు పెట్టుకుంటమంటే..." అని మొదలుపెట్టిన. సేఫ్టీ రూల్స్ మొత్తం చెప్పిన. ఆమె పాపం, అంతా విన్నది. అప్పుడు నా మసి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"మల్ల ఆదివారం దొరికితే కారు అక్కడే పెట్టి బస్సుల రా. నేను జనగామ బస్టాండు కాడనే ఎక్కుత. ఇద్దరి సీటు దొరికితే చాలు, హన్మకొండ దాకా పోయి మల్ల వద్దాం. కిటికీ తెరిచే ఉండనీ, జనం ఉండనీ. నీ చేతులన్న ఖాళీగ ఉంటయి" అన్నది.

నవ్వింది చాలు గానీ, భూపాలపల్లి నుంచి జనగామకు పొద్దుగాల మొదటి బస్సు ఎన్నింటికో మీలో ఎవరికన్నా ఎరికుంటే చెప్పండి.