కవిగారికి అరువిచ్చిన ముఖం

విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద పొద్దున్నే నడిచేవాళ్ళకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఈ ఊళ్ళో గొప్పవాడు కావాలంటే ముందు చనిపోవాలి, తర్వాత విగ్రహం కావాలి, ఆపైన సముద్రానికి వీపు పెట్టి, రోడ్డు మీద పోయే కార్లను చూస్తూ నిలబడిపోవాలి. కవులు, గాయకులు, నాటకాలవాళ్ళు, నాయకులు అందరిదీ అదే వరస. బతికినన్నాళ్ళూ సముద్రం మీద పద్యాలు రాసినవాడికి కూడా పోయాక సముద్రాన్ని చూసే యోగం లేదు. ఫోటోలు తీసేవాళ్ళు రోడ్డు వైపు నిలబడతారు మరి.

ఈ పద్ధతిని తప్పించుకున్నవాడు మైలపిల్లి వీరేంద్ర ఒక్కడే. ఆయన చావకుండానే విగ్రహమయ్యాడు. కాకపోతే కింద పలకమీద పేరు వేరేవాళ్ళది.

వీరేంద్రది ఫిషింగ్ హార్బర్‌లో వలలు బాగుచేసే పని. తెల్లారకముందే బోట్లు వచ్చి, వేలంపాటలు అయిపోయి, చేపలు లారీలెక్కాక చిరిగిన వలలు ఆయన ముందుకు వస్తాయి. టార్పాలిన్ నీడలో కాలు చాపుకుని, వల అంచును బొటనవేలికి తగిలించి, తల వంచి కుడుతూ కూర్చుంటాడు. అప్పుడు చూడాలి ఆ ముఖం! నుదుటి మీద మూడు గీతలు, సగం మూసిన కళ్ళు, ప్రపంచం బాధంతా తనే మోస్తున్నట్టు ఒక గాంభీర్యం. ఆ సమయంలో ఆయన ఆలోచించేది టీ ఎప్పుడొస్తుందా అని మాత్రమే. ఆ సంగతి ముఖానికి తెలియదు.

ముఖం సగమైతే మీసం సగం. పై పెదవిని పూర్తిగా కప్పేసి, రెండు కొసలూ బుగ్గల మీదికి లేచిన మీసం. తండ్రి పోయినప్పుడు ఆచారం ప్రకారం ఒకసారి తీయించాడు. అది పెళ్ళికి ముందు మాట. మళ్ళీ మంగలి కత్తి దాని జోలికి పోలేదు. భార్య దుర్గ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ మీసంతోనే కాపురం చేసింది.

ఇక రెండో వైపు సంగతి. ఊళ్ళో తూర్పుతీర సాహితీ సమితి అని ఒకటుంది. దాని అధ్యక్షురాలు సుధారాణి గారు స్టీల్ ప్లాంటులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇనుము కరిగితే, రిటైరయ్యాక ఆవిడ కరగడం మొదలుపెట్టారు, కవిత్వంగా. ఇంట్లో బీరువాలో చీరలకంటే సన్మానం శాలువాలు ఎక్కువ. అన్ని సంఘాలకూ బీచ్ రోడ్డు మీద తలా ఒక గొప్పవాడు ఉన్నాడు, మన సమితికే లేడన్నది ఆవిడ బెంగ. వెతగ్గా వెతగ్గా గంట్యాడ నరసకవి దొరికాడు. నూరేళ్ళ క్రితం వన్‌టౌన్‌లో ఉండేవాడట. రాసిందంతా ఒక తుఫానులో కొట్టుకుపోయిందట. చదవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి ఆయన మహాకవి అన్న విషయంలో సభ్యుల మధ్య ఒక్క భేదాభిప్రాయమూ రాలేదు.

చిక్కల్లా ఒకటే. ఆయన ఫోటో లేదు. పెందుర్తిలో షెడ్డు వేసుకుని విగ్రహాలు చేసే రోషన్‌కి పని అప్పజెప్పి, "గంభీరంగా ఉండాలి, సముద్రం గుర్తుకురావాలి" అన్నారు. ఆ కుర్రాడు ఓ ఆదివారం చర్చి అయ్యాక రొయ్యలు కొనడానికి హార్బర్‌కి వచ్చి, టార్పాలిన్ కింద వీరేంద్రను చూసి అక్కడే ఆగిపోయాడు.

"బాబాయ్, నీ మొకం నాకు కావాలి," అన్నాడు.

"నా మొకమా? ఏటి సేత్తావురా?"

"పెద్ద కవిగారి విగ్రహం. నీ మొకం పెట్టీసేనంటే బీచ్ రోడ్డంతా నిన్నే సూత్తాది."

వీరేంద్ర అంతకుముందు ఎవరికైనా ఏదైనా ఇచ్చాడంటే ఓ పూట ఆలోచించి ఇచ్చేవాడు. ముఖం మాత్రం అడిగిందే తడవుగా ఇచ్చేశాడు. పెందుర్తి వెళ్ళి, పట్టు ఉత్తరీయం కప్పుకుని, చేతిలో తాటాకుల కట్ట పట్టుకుని రోజుల తరబడి కూర్చున్నాడు. హార్బర్‌కి తిరిగొచ్చాక నడకే మారిపోయింది. ఎవరైనా "ఈరేంద్రా" అని పిలిస్తే తల మెల్లగా తిప్పేవాడు, విగ్రహాలు అలాగే తిప్పుతాయన్నట్టు.

"మొకం అరువిచ్చి వచ్చీసేవు. మళ్ళీ ఎప్పుడిత్తారో అడిగేవా?" అంది దుర్గ.

"నీకేటి తెల్దే. ఇది కళ," అన్నాడు.

నరసకవి వర్ధంతి రోజునే ఆవిష్కరణ పెట్టారు. వీరేంద్ర ఇస్త్రీ చొక్కా వేసుకుని, దుర్గను, హార్బర్ జనాన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. ముసుగు లాగారు. కంచు రంగు వేసిన ఫైబర్ వీరేంద్ర, నిలువెత్తు, మీసంతో సహా. అసలు వీరేంద్ర అందరికంటే ముందు చప్పట్లు కొట్టాడు. అప్పుడు సుధారాణి గారు నిచ్చెన ఎక్కి, బంతిపూల దండ తీసి విగ్రహం మెడలో వేశారు. కింద అగరొత్తులు వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. మైకులో "మన మధ్య లేని ఆ మహనీయుడికి రెండు నిమిషాలు మౌనం" అన్నారు.

ఆ మౌనంలో దుర్గ కేక బీచ్ అంతా వినబడింది.

"ఓలమ్మో! బతికున్న మనిషికి దండేసీసేరమ్మో!"

మనిషి బొమ్మకు దండ ఎప్పుడు పడుతుందో హార్బర్‌లో పసిపిల్లలకు కూడా తెలుసు. గోడమీది ఫోటోకి దండ పడిందంటే ఆ మనిషి ఇక బువ్వకు రాడని అర్థం. ఇక్కడ దండ పడింది, అగరొత్తి వెలిగింది, కొబ్బరికాయ పగిలింది, మౌనం కూడా అయిపోయింది. చచ్చిపోవడం ఒక్కటే మిగిలింది. హార్బర్ జనం వీరేంద్రకు కాస్త ఎడంగా జరిగి నిలబడ్డారు.

మర్నాడే బోటు ఓనరు మోహన్, వీరేంద్ర కుట్టిన వలతో వేటకు వెళ్ళాడు. వల ఏ రాతికి చిక్కుకుందో గాని సగానికి చీలింది. చేపల కోసం పెట్టిన ఐసు పెట్టినట్టే తిరిగొచ్చింది. వలలు చిరుగుతాయి, అందుకే వీరేంద్రకు పని ఉంది. కానీ ఆ మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

"నిన్ను అనడం కాదు బావా," అన్నాడు మోహన్, ఎటో చూస్తూ. "దండ పడిపోయిన సెయ్యి కదా. కొన్నాళ్ళు రెస్టు తీసుకో."

ఒక్కొక్క ఓనరే మొహం చాటేశాడు. వారం తిరిగేసరికి టార్పాలిన్ కింద వీరేంద్ర ఉన్నాడు, సూది ఉంది, వల లేదు. చేతికి పని లేకపోతే ఆ ముఖంలో గాంభీర్యం కూడా లేదు. పెళ్ళికి పిలవని చుట్టంలా కూర్చునేవాడు. మనిషిని చంపడానికి కత్తులూ కటార్లూ అక్కర్లేదు, ఒక దండ, ఒక మైకు చాలు.

సుధారాణి గారింటికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, నా మొకం నాకు ఇచ్చీండి. బొమ్మకి ఇంకోటేదైనా ఎట్టండి."

ఆవిడ జాలిగా చూశారు. "చూడు నాయనా, అది నీ ముఖం కాదు. అది నరసకవి గారి ముఖమని సమితి తీర్మానం చేసింది. ఆ మహనీయుడి పోలికలు నీకు రావడం నీ పూర్వజన్మ సుకృతం. సంతోషించాలి గాని బాధపడతారా?"

"ఆయన పోలికలు నాకు రాలేదమ్మా. నావే ఆయనకి ఎల్లాయి."

"కావాలంటే నీకు చిన్న సన్మానం చేద్దాం. ఒక శాలువా, ఒక దండ..."

దండ మాట వినగానే వీరేంద్ర చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటాడు.

ఆ సాయంత్రం దుర్గ కూర పొయ్యి మీద పెట్టి, మొగుణ్ణి ఎగాదిగా చూసి తీర్పు చెప్పింది. "బొమ్మకి మీసం ఉన్నాది. నీకు ఉండకూడదు. తీయించీ."

"మీసమా!" వీరేంద్ర రెండు చేతులతో మూతి కప్పుకున్నాడు. "అది లేకపోతే నాను నానేటే?"

"అదుంటే నువ్వు సచ్చిపోయినోడివి. ఏది గావాలో సూసుకో."

మంగలి కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కత్తి ఆడుతున్నంతసేపూ కన్నీళ్ళు కారాయి. మంగలి పాపం సబ్బు కంట్లో పడిందేమో అనుకుని తువ్వాలు ఇచ్చాడు. మర్నాడు పొద్దున్న హార్బర్‌లో ఆ బోడి మూతి చూసి మోహన్ ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో! ఎవలు పోయారు బావా?"

"నానే."

 జెట్టీ మీద ఉన్నవాళ్ళంతా కడుపు పట్టుకుని నవ్వారు. ఐసు కొట్టేవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. నవ్వి నవ్వి, ఇదిగో బీచ్ రోడ్డు మీదున్నవాడు వేరు, వీడు వేరు అని అందరూ కలిసి తేల్చేశారు. మోహన్ వల తెచ్చి ఒళ్ళో పడేశాడు. అదృష్టం బాగుండి ఆ వలలో మంచి ధర పలికే వంజరం చేపలు పడ్డాయి. దాంతో వీరేంద్ర అధికారికంగా బతికాడు.

కథ ఇక్కడ ఆగితే సాహితీ సమితి ఎందుకు? నరసకవి మునిమనవరాలు యశస్విని అనే అమ్మాయి పాత పెట్టెలో ఒక ఫోటో దొరికిందని పట్టుకొచ్చింది. నాటకాల బృందం ఫోటో, మధ్యలో నరసకవి. గుండ్రటి మొహం, బూరెల్లాంటి బుగ్గలు, మూతి మీద ఒక్క వెంట్రుక లేదు. సమితి అత్యవసర సమావేశం పెట్టింది. ఫోటోయే తప్పయి ఉండొచ్చని ఒకాయన వాదించాడు. విగ్రహాన్ని పెద్దలు ఆవిష్కరించారు, ఫోటోను ఎవరూ ఆవిష్కరించలేదు కదా అని ఇంకొకాయన బలపరిచాడు. చివరికి సుధారాణి గారు మధ్యేమార్గం చెప్పారు. మొహం మొత్తం మార్చక్కర్లేదు, చరిత్ర మీద గౌరవంతో మీసం తీసేస్తే చాలు.

మీసం తీయడం రోషన్‌కి తేలికే. కానీ తీశాక దానికింద దాగిన పై పెదవి ఎలా ఉండాలి? హార్బర్‌కి వచ్చాడు. "బాబాయ్! మీసం లేకపోతే ఇంకా బావున్నావు. ఇలా తిరుగు, ఓ ఫోటో తీసుకుంటాను."

ఒకసారి కాలినవాడు జాగ్రత్త పడతాడని అనుకుంటాం. వీరేంద్ర మాత్రం "ఇటేపా, అటేపా?" అని అడిగి మరీ తిరిగాడు.

వర్ధంతి మళ్ళీ వచ్చింది. ముందురోజు బీచ్ రోడ్డు మీదుగా వస్తూ మోహన్ చూసి హార్బర్‌లో చెప్పాడు, బొమ్మకి కూడా మీసం పోయిందని. టార్పాలిన్ కింద వీరేంద్ర చేతిలో సూది ఆగిపోయింది. ఒక్క రాత్రిలో మీసం మొలవదు. రేపు దండ పడితే ఎల్లుండి వల రాదు. దుర్గకు చెబుదామంటే రోషన్ తీసుకున్న ఆ ఫోటో సంగతి కూడా చెప్పాలి. తల దించుకుని చెప్పాడు. ఆవిడ తిట్టలేదు. అదే ఆయనను ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు దుర్గ పూర్ణా మార్కెట్‌కి వెళ్ళి ఏదో సంచిలో వేసుకొచ్చి, పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుని, మొగుడి చెయ్యి పట్టుకుని సభకు బయల్దేరింది. వెనకాల మోహన్, హార్బర్ జనం. సుధారాణి గారు దండ పట్టుకుని నిచ్చెన మీద ఒక కాలు పెట్టారు.

"ఆగండమ్మా," అంది దుర్గ.

సంచిలోంచి మల్లెపూల దండలు రెండు తీసింది. ఒకటి వీరేంద్ర చేతికిచ్చి, రెండోది ఆయన మెడలో వేసింది. వీరేంద్ర నోరు వెళ్ళబెట్టి నిలబడ్డాడు. "ఎయ్యి!" అని గదిమితే ఆవిడ మెడలో వేశాడు. మోహన్ ఈల వేశాడు. హార్బర్ ఆడవాళ్ళు గుప్పిళ్ళతో బియ్యం చల్లారు, సగం విగ్రహం మీద, సగం సమితి మీద పడ్డాయి.

"నా మొగుడికి పెళ్ళిదండ నానేసీసేను," అంది దుర్గ సుధారాణి గారితో. "ఈ బోడి మొకానికి ముందు పడ్డది ఇదే. ఇంక మీది మీ కవిగారికి ఏసుకోండి. నాకేటీ బెంగ లేదు."

సుధారాణి గారు నిచ్చెన మీద అలాగే ఉండిపోయారు. పేపరు ఫోటోగ్రాఫరు మాత్రం విగ్రహాన్ని వదిలి వీళ్ళ చుట్టూ తిరిగాడు. మర్నాడు పేపర్లో దండలతో మొగుడూ పెళ్ళాల ఫోటో పడింది, "వర్ధంతి సభలో నరసకవి వంశీకులు" అని.

ఆ సాయంత్రం ఇద్దరూ దండలు తీయకుండానే ఇసకలో కూర్చున్నారు, విగ్రహాలకు వీపు పెట్టి, సముద్రాన్ని చూస్తూ. వీరేంద్ర బోడి మూతి తడుముకున్నాడు.

"రేపట్నుంచి పెంచీనా?"

దుర్గ తిరిగి ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఆవిడ కళ్ళు తడిశాయి.

"వద్దులే మావా," అంది. "ఇన్నాళ్ళూ నువ్వు నవ్వతన్నావో లేదో తెలిసేది కాదు."