సాంబ్రాణి పొగలో తెల్ల సూదులు

శుక్రవారం కిరాణా కొట్టులో సాంబ్రాణి పొగ వేస్తే అందరూ కళ్లు మూసుకుని దండం పెడతారు. నాకు నవ్వొస్తుంది. ఆ పొగలో నాకు కనబడేది యూసుఫ్ సాబ్, మా బొగ్గుగని కాలనీ దవాఖానాలో కంపౌండర్.

అప్పట్లో గనిలో తలదీపం బ్యాటరీని నడుముకు కట్టుకునేవాళ్లం. ఆ బెల్టు కింద చెమటకు అందరికీ తామర. దవాఖానాలో మలాము ఇచ్చారు. నాది మూడో తరగతి చదువే అయినా, బోర్డులు కూడబలుక్కుని ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను. డబ్బా మీద చదివాను: బెంజోయిక్ ఆసిడ్. మాకు తెలిసిన ఆసిడ్ బ్యాటరీలోనిదే. కారితే లాగుకు చిల్లులు పడేవి. "పూయకుర్రి, ఒళ్లు కాలుతది!" అని షిఫ్టంతా చాటాను. నన్ను పంతులనేవాళ్లు మరి! అందరూ డబ్బాలు పారేశారు. తామర వీపుల మీదికి పాకింది.

సంగతి తెలిసి యూసుఫ్ సాబ్ క్యాంటీనుకే వచ్చాడు. "గా పంతులెవ్వడు?"

"నేనే సాబ్," అన్నాను. ఇక నా చదువును ఎవడు నమ్ముతాడు?

"సగమే చదివినవ్ రాజయ్యా. దా, పూరా చదువుదాం."

పొయ్యి మీద రేకు మూతలో సాంబ్రాణి ముక్క వేసి, పైన కాగితపు పొట్లం బోర్లించాడు. "దూరముండుర్రి, దగ్గొస్తది." కాసేపటికి పొట్లం విప్పితే లోపలంతా మెరిసే తెల్ల సూదులు! చన్నీళ్లలో కరగలేదు. వేన్నీళ్లలో మాయమై, గ్లాసు చల్లారేసరికి మళ్లీ సూదులయ్యాయి. "గిదే నువ్వు డబ్బా మీద చదివిన ఆసిడ్," అన్నాడు.

గనిలో నా జోడీ మల్లేశం నోరు తెరిచాడు. "పీరీల పండుగకు పొగేసే దాంట్ల ఆసిడుంటదా సాబ్?"

"లవంగంల సుత జరంత ఉంటది. బ్యాటరీది పులైతే గిది గొర్రె," అని మలాము తన చేతికే రాసుకున్నాడు. నా వైపు తిరిగి, "పారేయమన్నది నువ్వే. పూయమని సుత నువ్వే చెప్పాలె."

కొత్త డబ్బాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "మా పంతులు ఫేలయిండు!" అని కాలనీ అంతా పడీ పడీ నవ్వింది. తామర తగ్గాక మాత్రం మల్లేశమే మందు చీటీతో వచ్చాడు: "పంతులూ, గిది పూరా చదివి చెప్పు."

మొన్న పక్కింటి పిల్ల ఫోనులో ఏదో చూసి, నిండు సాస్ సీసాను చెత్తబుట్టలో వేయబోయింది. "తాతా, దీంట్ల పాడుకాకుండ బెంజోయిక్ ఆసిడ్ కలిపిండ్రట, విషమట!" ఒళ్లు మండింది. ఇంత చదువు చదివి ఇదేం భయం! తిట్టబోయి, ఎప్పుడూ జేబులో ఉంచుకునే సాంబ్రాణి ముక్క తడిమాను.

"సగమే చదివినవ్ బిడ్డా," అన్నాను. "పొయ్యి ముట్టియ్యి."