కవరు తీయని మనిషి

జకరయ్య ఇంట్లో ఏ వస్తువుకూ ఒళ్లు కనపడదు. రిమోటుకు కవరు, ఫ్రిజ్జు పిడికి కవరు, సోఫాకు కవరు. కారు కొని ఆరేళ్లయినా సీట్ల మీద షోరూం వాళ్లు తొడిగిన ప్లాస్టిక్కు అట్లాగే ఉంది. ఎండాకాలం అది వీపుకు అంటుకుని, దిగేటప్పుడు చర్రుమంటుంది. ఎవరైనా అడిగితే, "సముద్రం ఎంత దూరమని? ఉప్పుగాలి ఇనుమునే తినేస్తాది, గుడ్డను వదిలిపెడతాదా?" అంటాడు. ఆయన భార్య కరుణాకుమారి కావలిలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పింది. ఎంత మొద్దుకైనా ఎక్కాలు నేర్పిన మనిషి, మొగుడి విషయంలో మాత్రం ఎప్పుడో చేతులెత్తేసింది. పైకి ఏమీ అనదు. లోపల ఆయనంటే ఎంత చులకనో ఆయనకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు.

ఆమెకు మిగిలిన సంతోషం ఒక్కటే, పాట. నెల్లూరులో ఏటా జరిగే సువార్త సభల్లో మొదటి పాట పన్నెండేళ్లుగా ఆమెదే. నిరుడు రెండో చరణంలో దగ్గు తెర వచ్చి పాట ఆగిపోయింది. ఈ ఏడు సభలు దగ్గరపడగానే పాస్టరుగారు మెత్తగానే చెప్పారు. "ఈసారికి మీరే పాడండమ్మా. మళ్లీ ఇబ్బందయితే వినీలకిద్దాం." వినీలకు పాతికేళ్లు, గొంతు గంటలా ఉంటుంది. ఆ రాత్రి కరుణాకుమారికి నిద్ర పట్టలేదు.

దగ్గు ఎక్కడిదో డాక్టరు రెండు ప్రశ్నల్లో తేల్చేశాడు. కారులో ఏసీ వేస్తే ముక్కిన వాసన వస్తోందంటే, లోపల గాలి వడకట్టే ఫిల్టరు మార్చమన్నాడు.

"దానికి మెకానిక్కెందుకు? నేను లేనా?" అన్నాడు జకరయ్య.

శనివారం పొద్దున వరండా ముందు కారు పెట్టి, నీళ్ల బిందెకు ఫోను ఆనించి, ఫిల్టరు ఎట్లా మార్చాలో చూపే వీడియో పెట్టాడు. పట్టపగలు నెత్తికి టార్చిలైటు కట్టుకున్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పే పని లేదని ఫోనులో పిల్లవాడు మొత్తుకుంటుంటే, ఈయన పక్కన పదకొండు స్క్రూడ్రైవర్లు పరిచాడు. పది నిమిషాల పనికి వీడియో ఏడుసార్లు తిరిగింది. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న కరుణాకుమారికి అది కంఠతా వచ్చేసింది. ముందు సీటు ఎదుటి అర ఖాళీ చెయ్యాలి, రెండు పక్కలా నొక్కి కిందికి దించాలి, వెనకాల మూత తీసి పాతది లాగి, బాణం గుర్తు చూసి కొత్తది తొయ్యాలి.

పాతది బయటికొచ్చింది. వేపాకులు, ఎలుక కొరికిన దూది, నల్లటి మట్టి. వంటింట్లోంచి వచ్చి, ఆరేళ్లుగా తాను పీల్చిందేమిటో చూసి కరుణాకుమారి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"దులుపుకుంటే ఇంకో రెండేళ్లొచ్చేది," అని నిట్టూర్చాడు జకరయ్య.

ఆమె టీ పెట్టి తెచ్చేసరికి పని ముగించి, ఓడ కట్టి నీళ్లలోకి దింపినవాడిలా నిలబడి ఉన్నాడు.

మర్నాడు సభలకు బయలుదేరారు. ఏసీ వేస్తే హోరు తప్ప గాలి లేదు. "కొత్తది గదా, సర్దుకుంటాది," అన్నాడు. ఉక్క భరించలేక అద్దాలు దించారు. ముందు కంకర లారీ, దాని వెనక ఇంకోటి. దగదర్తి దాటకముందే ఆమె గొంతులో గరగర మొదలైంది. తరవాత దగ్గు.

"ఆపండి," అంది.

రోడ్డు పక్కన ఆగారు. ఆమె అర ఖాళీ చేసింది, నొక్కింది, దించింది, మూత తీసి ఫిల్టరు లాగింది. అది దుకాణంలో కొన్నట్టే ప్లాస్టిక్కు కవరులో బిగుతుగా ఉంది. ధర చీటీ కూడా చెక్కుచెదరలేదు.

"ఏంది ఇది?"

"ఫిల్టరు."

"కవరెందుకు తియ్యలా?"

"తీస్తే దుమ్ము పట్టదా?" అన్నాడు జకరయ్య, ఆమె తెలివితక్కువకు జాలిపడుతూ.

కరుణాకుమారి ఆయన వంక చూసింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, రెండింటికీ ఈ మనిషి తగడనిపించింది. పళ్లతో కవరు చింపి, ఫిల్టరు లోపలికి తోసింది. చల్లగాలి మొహానికి కొట్టింది.

"ఆ కవరిట్టియ్యి, పనికొస్తాది," అని తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సభలో గోరువెచ్చని నీళ్లు తాగి మైకు ముందు నిలబడింది. మొదటి చరణం అయింది. రెండోదాంట్లో, నిరుడు తెగిన చోటికి వచ్చేసరికి మైకు కడ్డీని గట్టిగా పట్టుకుంది. గొంతు ఆ చోటు దాటిపోయింది. మూడో చరణం జనమంతా అందుకున్నారు. పాస్టరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముందు వరసలో జకరయ్య పక్కవాడి చెవిలో చెబుతున్నాడు. "ఫిల్టరు నేనే మార్చినా."

తిరుగు ప్రయాణంలో కారెక్కబోతూ కరుణాకుమారి తన సీటు మీది ప్లాస్టిక్కును రెండు చేతులా పట్టుకుని పరపరా చింపింది.

"ఏంజేస్తన్నావే! కొత్త సీటు!"

"అవును, కొత్తదే. ఆరేళ్లయినా ఎవరూ కూర్చోలేదుగా," అంది.

గుడ్డ మెత్తగా ఉంది. ఆయన కింద పడిన ముక్కలు ఏరుకుంటుంటే, ఆమె వెనక్కి ఆనుకుని ఏసీ ఇంకాస్త పెంచింది.