బురద నీళ్లలో పచ్చదనం

మొన్న పొద్దున చాయ్ తాగుతుండగా మా చెల్లెలి కూతురు వచ్చి తన ఫోను నా చేతిలో పెట్టింది. మంచిర్యాలలో తాగునీటిని పరీక్షించే కొలువు ఆ పిల్లది. బరాజు వెనుక నిలిచిన గోదావరిని ఉపగ్రహం పైనుంచి తీసిన చిత్రం అది. ఒక ఒడ్డు పొడవునా లేత పచ్చని మరక పరుచుకుని ఉంది. “పెద్దమ్మా, ఇది నాచా, ఉత్త మట్టా? ఎట్ల తెలుస్తది?” అని అడిగింది. నాకు నవ్వొచ్చింది, కాస్త గుండె కూడా బరువెక్కింది. నా ఉద్యోగ జీవితమంతా ఆ ఒక్క ప్రశ్న వెంటే తిరిగింది మరి.

నేను మంచిర్యాల పక్కనున్న నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుడి బిడ్డను. రసాయనశాస్త్రం చదివాక, ఇదే గోదావరి సముద్రంలో కలిసే చోట ఒక పరిశోధనశాలలో తాత్కాలికమైన పని దొరికింది. అప్పటికి మా ఇంట్లో సముద్రాన్ని చూసినవాళ్లు ఎవరూ లేరు. అవ్వకు, అంటే మా అమ్మకు, సముద్రమంటే భయం లేదు కానీ, పడవలో అంతమంది మగవాళ్ల మధ్య ఆడపిల్ల ఒక్కతే ఎట్లా అన్నదే ఆమె దిగులు. బాపు మాత్రం నన్ను రైలెక్కించి, బండి కదిలేదాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

సముద్రపు నీళ్లలో కంటికి ఆననంత సన్నని నాచు ఉంటుంది. దానిలోని పత్రహరితం ఎంతో నీటి రంగును బట్టి ఉపగ్రహం అంచనా కడుతుంది. ఆ అంచనా నిజమా కాదా అని తేల్చడమే మా పని. ఉపగ్రహం మా నెత్తిమీదుగా పోయే వేళకు పడవలో ఉండి సీసాల్లో నీళ్లు పట్టి తేవాలి, వడపోసిన కాగితాన్ని అసిటోన్‌లో నానబెట్టి, అందులోకి దిగిన పచ్చదనాన్ని కొలవాలి. మొదట్లో నాకు పడవెక్కితే చాలు కడుపులో తిప్పేది. పడవ నడిపే పెద్దాయన చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, దూరంగా ఒక్కచోటికే చూస్తూ కూర్చోమనేవాడు. ఆ నిమ్మకాయ వాసన ఇప్పటికీ నాకు సముద్రం వాసనే.

వానాకాలం చివర మబ్బు విడిచిన ఒక రోజు తెచ్చిన నీళ్లతో చిక్కొచ్చి పడింది. ఉపగ్రహపు పటం చాలా రోజులకు గానీ మా చేతికి రాలేదు. వచ్చాక చూస్తే నది కలిసే చోటంతా చిక్కటి నాచేనని చెప్పింది. నా సీసాల్లో మాత్రం నాచు కొద్దిగానే తేలింది. నీళ్లను ఎండలో ఉంచి నేనే పాడుచేశానని మా పెద్దసారు తేల్చేశాడు. నా మాట పోతే పోయిందిలే అనుకుందును. కానీ అంత నాచు విషమవుతుందేమోనని, ఆ తీరంలో గుల్లలు ఏరుకుని బతికే కుటుంబాలను నీళ్లలో దిగనివ్వకుండా ఆపించాలన్న ఆలోచన కూడా మొదలైంది. ఆ ఆడవాళ్లు రోజూ నన్ను పలకరించేవాళ్లు. నాకేమో కొలువు పొడిగిస్తారో లేదో తెలియదు. అవమానంతో పెట్టె సర్దుకున్నాను.

నన్ను చూడాలని బాపు వచ్చింది సరిగ్గా అప్పుడే. ఒడ్డుకు తీసుకుపోతే ఎర్రటి నీళ్లను చాలాసేపు చూసి, “గీ మట్టంత మన దిక్కుకెళ్లి వచ్చిందేనా?” అని మురిసిపోయాడు. నేను ఏడుస్తూ సంగతంతా చెప్పాను. అంతా విని మెల్లగా అడిగాడు.

“నువ్వు జేసింది కరెక్టేనా?”

“కరెక్టే బాపూ.”

“అయితే మల్ల జేసి సూపెట్టు. కోపం జేసుకొని ఇంటికి రాకు బిడ్డా.”

మరునాడు సారు దగ్గరికి పోయి, ఈసారి మీరూ పడవలో రండి, సగం నీళ్లు మీ చేత్తోనే వడపోయండి అని అడిగాను. కాదంటాడనుకున్నాను, కానీ వచ్చాడు. ఆయన కొలిచిందీ నేను కొలిచిందీ ఒక్కటే అయ్యింది, ఇద్దరికీ నాచు కొద్దిగానే తేలింది. నదితో కొట్టుకొచ్చిన మట్టీ, కుళ్లిన ఆకుల నుంచి నీళ్లలోకి దిగిన కషాయంలాంటి గోధుమ రంగూ కలిసి ఉపగ్రహం కంటికి నాచులా కనబడ్డాయన్నమాట. సారు అందరి ముందు నా లెక్కే సరైనదని చెప్పి, గుల్లలవాళ్ల జోలికి పోకుండా ఆపించాడు. వాళ్లకు ఈ సంగతే తెలియదు. ఎప్పటిలాగే చీరలు ఎగగట్టి నీళ్లలో దిగుతుంటే దూరంగా నిలబడి కళ్లారా చూశాను.

ఆ తరువాత ఏళ్లకేళ్లు, వెలుగులోని ఎరుపు ఛాయల్లో ఏ ఛాయ దగ్గర మట్టి నుంచి నాచు విడిపడి కనబడుతుందో వెతకడంలోనే గడిచాయి. ఎందరమో కలిసి తీసిన అలాంటి లెక్కలే ఇప్పుడు ఊరూరి చెరువులకూ పనికొస్తున్నాయి.

ఆ రోజుల్లో ఒక పటం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసేవాళ్లం. ఇప్పుడది చాయ్ చల్లారేలోపే అరచేతిలోకి వస్తోంది. ఆ పడవ ప్రయాణాలూ, ఒడ్డున కూర్చుని అన్నం పంచుకుంటూ పెట్టుకున్న వాదులాటలూ ఇక రావు కదా అని ఒక్కోసారి ప్రాణం ఉసూరుమంటుంది. కానీ మా పిల్ల పటాన్ని చూసి ఊరుకోలేదు. “రేపు పడవేసుకొని నీళ్లు తేనీకి పోతున్న పెద్దమ్మా, నువ్వు గూడ రారాదు?” అంది. మోకాళ్లు పడవెక్కనివ్వవు, ఒడ్డున నిలబడి చూస్తానన్నాను.