కాస్త ఊగే బల్ల

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది, వస్తువు ఎంత గట్టిగా ఉంటే మనిషికి అంత సుఖమని. ఆమదాలవలసలో బియ్యం, అపరాలు అమ్ముకునే ఇంట్లో పుట్టినవాడికి వేరే నమ్మకం ఎలా వస్తుంది? గోనెసంచి నుంచి అల్లుడి దాకా దేన్ని మెచ్చుకోవాలన్నా మా నాన్న నోట ఒకటే మాట, "గట్టిది" అని (అల్లుడైతే "గట్టోడు"). చదువు పూర్తయి, ఉద్యోగం రాక, ఫోన్లో వీడియోలు చూసి చూసి, ఇంట్లోనే గిటార్లు తయారు చేస్తానని నేను ప్రకటించినప్పుడు కూడా ఆయన అడిగింది అదే. "గట్టి యాపారవేనేటిరా?" అమ్మ మధ్యలో పడి ఒప్పందం కుదిర్చింది. కొట్టు వెనక గోడౌనులో ఓ మూల నాది. దీపావళి లోపల మోగే గిటారు ఒకటి చేసి చూపించాలి. లేదంటే నోరు మూసుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చోవాలి.

గిటారు కంటే ముందు బల్ల కావాలి. చెక్క కోసినా, చిత్రిక పట్టినా, జిగురు పెట్టి బిగించినా కింద బల్ల కదలకూడదని వీడియోల్లో ప్రతివాడూ చెప్పేవాడు. పాత ఇల్లు పడగొట్టిన చోట నల్లమద్ది దూలాలు దొరికాయి. వాటిని కాళ్లుగా నిలబెట్టి, అడ్డపట్టీలు దిగేసి, పైన మందపాటి టేకు పలకలు బిగించి, ఒక పక్క చెక్కని పట్టుకోవడానికి వైసు తగిలించాను (ఈ పనిలో ఒక గోరు ఊడింది, ఆ సంగతి అమ్మకి ఇప్పటికీ తెలీదు). తీరా అది నిలబడ్డాక దాన్ని చూస్తే నాకే కాస్త భయమేసింది. మురిసిపోయి నాన్నని పిలిచాను. అదే నా కొంప ముంచింది.

నాన్న బల్ల చుట్టూ తిరిగారు, పట్టుకుని ఊపారు. కదల్లేదు. అయినా అనుమానం తీరక కొట్టు హమాలీని కేకేశారు. ఆయన్ని ఊరంతా బస్తా మావ అనే పిలుస్తుంది. "మావా, దీని మీద ఓ బస్తా ఎయ్యి, సూద్దాం." బస్తా పడింది. బల్ల కిమ్మనలేదు. "ఇంకోటెయ్యి." నేను పక్కన నిలబడి, పరీక్షలో ఫస్టు వచ్చినవాడిలా నవ్వుతున్నాను. "ఇంకా ఎయ్ మావా, ఏటీ అవదు!" అని అరిచింది నేనే. బస్తాలు నా ఎత్తు దాటాక నాన్న మొహం వెలిగిపోయింది. "ఒరే, గట్టిది సేసినావురా!" అన్నారు. నాకు బుద్ధి తెలిశాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. కళ్లు చెమర్చాయి. తుడుచుకుని చూస్తే ఆయన లేరు, బస్తాలు మాత్రం ఉన్నాయి.

మర్నాడు, "నాన్నా, బస్తాలు దించాలి కదా" అన్నాను. "దించడవేటిరా? నేల సెమ్మ తగల్దు, ఎలకెక్కదు. ఇలాటిది లేకే కదా మన మినుములు పాడయ్యేవి!" అప్పటికే వైసు పిడికి అమ్మ చేటలు తగిలించేసింది. అన్ని పనులకీ పనికొచ్చే బల్ల చేస్తానని చెప్పిందీ నేనే, ఇంకెవర్ని అనను? చేసేది లేక నేల మీద చతికిలబడి, గిటారు చెక్కని కాళ్లతో తొక్కిపెట్టి గీక్కుంటుంటే బస్తా మావకి జాలేసింది. "బాబూ, నువ్వు మరీ బాగా సేసీసినావు. అదీ తప్పు" అన్నాడు.

ఆ మాటతో నా బుర్ర వెలిగింది. మిగిలిన చెక్కతో రెండో బల్ల చేశాను. అదీ గట్టిదే, కాకపోతే ఒక కాలు చిటికెన వేలి మందం పొట్టి. నాన్న వచ్చి చెయ్యేశారు. టక్కుమని ఊగింది. "ఇదేటిరా, ఇలాగ ఊగిపోతన్నాది? దీని మీద బస్తా ఏటి నిలబడతాది?" అని పెదవి విరిచి వెళ్లిపోయారు. ఆయన గుమ్మం దాటగానే జేబులోంచి చెక్కముక్క తీసి పొట్టి కాలి కింద దోపాను. అప్పట్నుంచి ఆయన అడుగుల చప్పుడు వింటే ముక్క జేబులోకి, వెళ్లిపోతే కాలి కిందకి.

దీపావళికి ముందే గిటారు మోగింది. నాన్న ఒక తీగ మీటి, మెడ పట్టుకుని ఊపి చూసి, "గట్టిదే" అన్నారు. గల్లాపెట్టె గండం తప్పింది. వెళ్తూ వెళ్తూ ఆయన తన జేబులోంచి నున్నగా చిత్రిక పట్టిన చెక్కముక్క ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. సరిగ్గా చిటికెన వేలి మందం.

"నీది అరిగిపోనాది. ఇది గట్టిది."

ఇప్పుడు నాకు వేరే షెడ్డుంది, బస్తాలు వేసేవాళ్లెవరూ లేరు. నాన్న మోకాళ్ల నొప్పులతో ఇటు రావడం తగ్గించారు. నేను మాత్రం ఆ రెండో బల్ల పొట్టి కాలికి అతుకు వెయ్యలేదు, ఆయనిచ్చిన ముక్క మీదే నడిపిస్తున్నాను. ఎప్పుడైనా బయట ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే, ఇంత వయసొచ్చినా ఇప్పటికీ గబుక్కున వంగి దాన్ని జేబులో వేసుకుంటాను. ఆయన వచ్చి బల్లని ఊపి, "ఇంకా ఊగుతన్నాదేటిరా?" అని అడిగి, తృప్తిగా వెళ్తారు.