అల్సేషన్ ముందు రోకలి

శుక్రవారం. రెండు చాపల వడియాలు పెట్టి కారం దంచుతుంటే మూడేళ్ళ మనవరాలు కనిపించలేదు. చూస్తే పక్కింటి పోలీసు అమీన్ గారి వాకిట్లో, వాళ్ళ అల్సేషన్ కుక్క మెడ పట్టుకుని నిలబడి ఉంది. అది తోడేలు జాతి, మనుషుల్ని చీలుస్తుందని మా మట్టెవాడ పేటంతా చెప్పింది నేనే. రోకలి ఎత్తుకుని పరుగెత్తాను. కుక్క పిల్లకు అడ్డం వచ్చి నా మీద గుర్రుమంది.

అమీన్ గారి భార్య నవ్వింది. "రోకలి కింద పెట్టక్కా! పిల్లను కొట్టనీకి వచ్చినవనుకుంటాంది."

"అది నా మనవరాలమ్మా!"

"దానికేమెరుక? రోకలి పట్టుకున్నది నువ్వే గద!"

కింద పెట్టగానే తోక ఊపింది. పిల్లను చంకనెత్తుకున్నాను.

ఇద్దరిలో కరిచే జాతి ఎవరిదో మీరే చెప్పండి. సాయంత్రం వేడి జొన్నరొట్టె తీసుకెళ్ళి దానికి పెట్టాను. తిన్నది. నా బాకీ తీరింది.