సుఖం పుస్తకం మీద మావాళ్ల అభిప్రాయాలు

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, భద్రాచలం బస్టాండు బయట పాత పుస్తకాల కుప్పలో నాకొక పుస్తకం దొరికింది. అట్ట మీద కళ్లు మూసుకున్న బుద్ధుడు, లోపల సుఖంగా బతకడానికి సలహాలు. ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ని, అట్ట చూసి నిద్ర గురించిన పుస్తకమనుకున్నాను. ఆ విద్యలో నాకు మంచి అనుభవముంది.

అది బీడీలు చుట్టే తునికాకు సీజను. పొద్దున అడవిలో కోసిన ఆకును మధ్యాహ్నం పక్కింటి తాత పందిరి కింద కూర్చుని కట్టలు కట్టేవాళ్లం. చేతులకే పని, చెవులు ఖాళీ. అందుకని ఒకరు ఏదో ఒకటి చదివి వినిపించడం అలవాటు. నా కట్టలు వదులుగా ఉంటాయని అందరూ కలిసి నన్ను చదివే పనికి తోసేశారు.

ఊపిరి మీద ధ్యాస పెట్టాలని చదవగానే, ఉబ్బసంతో ఎగరొప్పే ఆ తాతే మొదట అందుకున్నాడు.

“నాకు పొద్దుమాపు దానిమీదనే ధ్యాస. మరి సుఖమేడ పోయిందో అడుగు.”

తిట్టినవాళ్లను చూసి చిరునవ్వు నవ్వమన్న దగ్గర, ఆయన కోడలు ఆకు కింద పెట్టేసింది. “మా అత్త ముంగట ఒక్కపాలి నవ్వి సూడమను ఆ రాసినాయన్ని.”

మా మేనత్త కట్ట కడుతూనే వింటోంది. దేన్నయినా నాదని పట్టుకున్నంతకాలం మనసుకు నిమ్మళం ఉండదన్న చోట మాత్రం నన్ను ఆపింది.

“ఆ ముక్క మల్ల సదువు, అల్లుడా.” చదివాను. “నిజమేనంటవా?”

“అచ్చేసిండ్రు గదత్తా. అబద్ధమైతే కాయితం దండుగ గాదా?”

అందరూ నవ్వారు. అత్త నవ్వలేదు.

ఆమె నాదని పట్టుకున్నది ఒక ఇప్పచెట్టు. మా చేను దాటాక అడవి అంచున ఉంటుంది. చెట్టు కింద ఊడ్చుకున్నవాళ్లదే రాలిన పువ్వు, అది మా ఊళ్ల పద్ధతి. మా సొంత తాత పోయాక ఆ చెట్టు నాదంటే నాదని మా నాన్న, ఆయన అక్కైన ఈ అత్త పోట్లాడుకుని ఒకరింటికి ఒకరు వెళ్లడం మానేశారు. అయినా ప్రతి ఏడూ పువ్వు రాలే రోజుల్లో తెల్లారేసరికి ఇద్దరూ చీపుర్లతో అక్కడ తేలేవాళ్లు.

“మోకాళ్లు అరిగినా నీ ఆశ అరగలేదే అక్కా. గంత పెద్ద బుట్ట ఎట్ల మోస్తవ్?”

“నీ దగ్గు ఊరంత ఇనబడుతాంది. దవాఖానకు పోరాదురా, నీ పువ్వు నేనే ఏరుకుంట.”

మర్నాడు నాన్న దవాఖానాకు వెళ్లేవాడు. అత్త చిన్న బుట్ట తెచ్చుకునేది. నేను పక్కన నిలబడి ఇద్దరినీ ఎగదోసేవాణ్ని. ఊరికే దొరికే నాటకం మరి.

పుస్తకం చదివిన మరుసటి ఏడు పువ్వు రాలింది, అత్త రాలేదు. మొదటి రోజు నాన్న గెలిచినవాడిలా బుట్ట నింపుకొచ్చాడు. తర్వాత సగం పువ్వు పశువులకే వదిలేసి వచ్చేవాడు. చివరికి నన్ను పంపాడు.

“పోయి సూడు. పానం మంచిగ లేదో ఏందో.”

అత్త గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. “నాకేమైంది? మంచిగున్న. చెట్టు మీ నాయననే తీస్కోమను. వదిలేసిన. మస్తు నిమ్మళంగున్నది.”

నాన్నకు ఈ కబురుతో పాటు పుస్తకం సంగతీ చెప్పాను. “ఏం పుస్తకమది? నాకు గూడ సదువు,” అన్నాడు. రోజూ కొంత చొప్పున మొత్తం విన్నాడు. ఆయన అభిప్రాయం ఒకటే.

“మంచిగనే రాసిండు. రాసినాయనకు అక్క లేనట్టుంది.”

ఆ మాట మోసుకెళ్లి అత్తకు చెప్పాను. పకపకా నవ్వింది.

“మరి రేపు చెట్టు కాడికి రారాదు అత్తా?”

నవ్వు ఆగింది. “ఏమని రావాలెరా? చెట్టు నాది గాదంటిని. కొట్లాడనీకి గూడ ఏదన్న నాదనేది ఉండాలె గద.”

ఏ మాటకైనా ఎదురుమాట నా నాలుక మీదే ఉంటుందని ఊళ్లో పేరు నాకు. ఆ రోజు మాత్రం దాన్ని వెతుక్కుంటూ ఇంటికొచ్చాను. పుస్తకమంతా తిరగేశాను. వదిలేయడం గురించి బోలెడుంది, వదిలేసింది మళ్లీ ఎలా పట్టుకోవాలో ఎక్కడా లేదు.

ఆ వానాకాలం నాన్న జ్వరంతో మంచాన పడితే, అత్త ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంటికొచ్చింది. అమ్మ చుట్టాలకు వేసినట్టు కుర్చీ వేసింది.

“ఎట్లున్నది తమ్మీ?”

“జర నయమే అక్కా. నువ్వు మంచిగున్నవా?”

“మంచిగున్న.”

చాయ్ తాగింది. వర్షాల గురించి రెండు మాటలు అనుకున్నారు. “పోయొస్త మరి,” అంది. “సరే అక్కా,” అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, ఇద్దరిలో ఎవరో ఒకరు ఒక్క తిట్టయినా తిట్టకపోతారా అని చూశాను. అత్త చెప్పులేసుకునేదాకా చూశాను.